నెత్తుటి మరక చెప్పు సాక్ష్యము

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మనవారు చెప్పుకొను మాటలో ఒక నిట్టూర్పు దాగియున్నది. చూచినవాడు లేడు, విన్నవాడు లేడు. బోనులో నిలుచున్నవాడు తానేమియు నెరుగనని ప్రమాణము చేయుచున్నాడు. అతని చొక్కా చేతిమీద మాత్రము చింతగింజంత గోధుమరంగు మరక యొకటి ఉన్నది. అది నెత్తురా, కాదా? నెత్తురే యైనచో మనుష్యునిదా, మేకదా? మనుష్యునిదే యైనచో ఎవరిది? వినుటకు చిన్నవిగా తోచు ఈ మూడు ప్రశ్నలకు నమ్మదగిన సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు రమారమి నూటయేబది సంవత్సరములు పట్టినది. ఆలోగా ఆ మరకను నమ్మి ఎందరిని ఉరికంబమెక్కించిరో, నమ్మక ఎందరిని విడిచిపెట్టిరో లెక్క చెప్పగలవారు లేరు.

కంటితో చూచి నెత్తుటి మరకను గుర్తింపవచ్చునని చాలమంది తలంపు. అది భ్రమ. నెత్తురు ఎర్రగా ఉండునది కొద్దిసేపే. గాలి తగిలి ఆరినకొలది అందలి రంగు పదార్థము మార్పు చెంది మరక గోధుమవర్ణమునకు, పిదప ఇంచుమించు నలుపునకు తిరుగును. అప్పుడు దానిని పోలిన మరకలు మన ఇండ్లలోనే ఎన్ని లేవు? అరటిబోదె కొట్టినవాని పంచె చూడుడు. మామిడికాయ జీడి అంటిన తువ్వాలు చూడుడు. కొడవలి తుప్పు, తాంబూలపు టుమ్మి, చండ్ర, వలలకు వేయు చెట్టుబెరడు రంగు — ఇవి అన్నియు ఒక అమావాస్య రాత్రి తరువాత దొరికిన బట్టమీద కనబడినచో దారిన పోవు దానయ్య సైతము "నెత్తురు, నెత్తురు" అని కేక వేయును.

పూర్వము ఈ చిక్కు విప్పుటకు జరిగిన ప్రయత్నములలో కొన్ని ఇప్పుడు నవ్వు పుట్టించును. 1829లో బారూయెల్ అను ఫ్రెంచి రసాయనవేత్త, రక్తములో గంధకామ్లము కలిపినచో పుట్టు వాసనను బట్టి అది మనుష్యునిదో, జంతువుదో చెప్పవచ్చునని వాదించినాడు. ఒక మనిషి ప్రాణము మరియొకని ముక్కుపుటముల మీద ఆధారపడుట ఎట్టిదో ఆలోచింపుడు. 1853లో టైక్మన్ అను పోలిష్ శాస్త్రజ్ఞుడు ఇంతకంటె గట్టి మార్గము చూపినాడు. మరక నుండి గీకిన పొడికి ఉప్పును, గాఢమైన ఎసిటికామ్లమును చేర్చి గాజుపలకపై మెల్లగా వేడిచేసినచో గోధుమరంగు స్ఫటికములు ఏర్పడును. అవి కనిపించినచో అది రక్తమే. కాని పాతబడిన మరకలలో అవి తరచుగా కనిపింపవు.

తరువాత వచ్చినవి రంగు పరీక్షలు. 1862లో వాన్ డేన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు గ్వాయికమ్ అను చెట్టుజిగురును ఉపయోగించినాడు. మరుసటి యేడే షోన్‌బైన్, హైడ్రోజన్ పెరాక్సైడు రక్తము తగులగానే నురుగులు క్రక్కునని గుర్తించినాడు. పుండుమీద ఆ మందు పోసినప్పుడు తెల్లని నురుగు పొంగుటను మనమందరము చూచియే యుందుము. రక్తమునకు ఎర్రదనము నిచ్చు హీమోగ్లోబిన్, పెరాక్సైడు నుండి ప్రాణవాయువును విడిపించును. ఆ ప్రాణవాయువు ప్రక్కనున్న రంగులేని ద్రవ్యమును రంగు దేల్చును. నేటికిని ప్రయోగశాలలలో మొదట చేయు ఫినాఫ్తలీను పరీక్షకు మూలసూత్రము ఇదియే. రక్తమున్నచో క్షణములో గులాబిరంగు వచ్చును. అయితే బంగాళాదుంప రసము, ముల్లంగి రసము, కొన్ని లోహపు మలినములు సైతము ఇట్టి వేషమే వేయగలవు. కావున ఈ పరీక్ష "నెత్తురు కావచ్చును" అని మాత్రమే చెప్పును. "నెత్తురే" అని చెప్పదు. "కాదు" అన్నప్పుడు దాని మాట చాలవరకు నమ్మదగినది.

ఆంగ్ల సాహిత్యముతో పరిచయమున్న చదువరులకు ఇక్కడ ఒక సంగతి జ్ఞప్తికి రావచ్చును. 1887లో ప్రకటింపబడిన తొలి షెర్లాక్ హోమ్స్ నవలలో ఆ అపరాధ పరిశోధకుడు మనకు మొట్టమొదట దర్శనమిచ్చునది ప్రయోగశాలలోనే. రక్తమును తప్ప మరి దేనిని పట్టని ద్రావకమొకటి దొరికినదని ఆతడు పొంగిపోవుచుండును. గ్రంథకర్త కానన్ డాయిల్ స్వయముగా వైద్యుడు. అప్పటి న్యాయవైద్యమునకు ఏది కొరతయో ఎరిగినవాడు. ఆ కొరతను కథలో తీర్చుకొన్నాడు. లోకములో అది తీరుటకు మరి పదునాలుగేండ్లు పట్టినది. తీరినప్పుడు తీరినది కల్పితపాత్ర చేతిలో కాదు, బాల్టిక్ సముద్రతీరమున గ్రైఫ్స్‌వాల్డ్ అను చిన్న విశ్వవిద్యాలయ పట్టణములో.

అక్కడ పాల్ ఊలెన్‌హూట్ అను యువవైద్యుడు లోఫ్లర్ మహాశయుని కడ పనిచేయుచుండెను. కోడిగ్రుడ్డు తెల్లసొనను కుందేలు దేహములోనికి ఎక్కించినచో, ఆ కుందేటి రక్తములో తెల్లసొనను పట్టి పేరబెట్టు శక్తి పుట్టుచున్నదని ఆతడు గమనించినాడు. కోడిగ్రుడ్డుకు బదులు మనుష్యరక్తమును ఎక్కించినచో? కుందేటి దేహము ఆ పరాయి వస్తువును శత్రువుగా నెంచి, దానిని మాత్రమే పట్టుకొను ప్రతిపదార్థమును తయారుచేసికొనును. ఆ కుందేటి రక్తమునుండి తీసిన తేటను తెలియని మరకను కరిగించిన ఉప్పునీటిలో చేర్చినచో, మరక మనుష్యరక్తమైనచో తెల్లని మబ్బు క్రమ్మును. ఎద్దుదో, గొఱ్ఱెదో అయినచో నీరు తేటగానే నిలుచును. న్యాయవైద్యాచార్యుడైన బాయ్మర్‌తో కూడి ఎండి చాలకాలమైన మరకలమీదను పరీక్షించి చూచినాడు. 1901 ఫిబ్రవరిలో ఈ పద్ధతిని ఒక జర్మన్ వైద్యపత్రికలో ప్రకటించినాడు. అప్పటికి అది పండితుల మధ్య ఒక చర్చావిషయము మాత్రమే.

గ్రైఫ్స్‌వాల్డ్‌కు ఎదురుగా సముద్రములో ర్యూగెన్ అను దీవి కలదు. సుద్దకొండలు, బీచి వనములు గల అందమైన చోటు. 1901 జూలై 1వ తేదీని అక్కడి గ్యోరెన్ గ్రామములో ఇద్దరు బాలురు, అన్నదమ్ములు, ఆడుకొనుటకు పోయి రాత్రి భోజనమునకు ఇంటికి రాలేదు. పెద్దవానికి ఎనిమిదేండ్లు, చిన్నవానికి ఆరు. మరునాడు అడవిలో వారి శవములు దొరికినవి. ఏ స్థితిలో దొరికినవో వ్రాయుటకు చేయి రాదు. ఆ పిల్లలతో ఆ మధ్యాహ్నము ఒక మనిషి మాటలాడుచుండగా చూచినవారు ఉండిరి. అతడు లుడ్విగ్ టెస్నో అను వడ్రంగి. ఇల్లు వెదకగా కొద్ది దినముల క్రిందట ఉతికినట్లున్న బట్టలు దొరికినవి. వాటిమీద పూర్తిగా పోని మరకలు ఉన్నవి. అడుగగా అతడు తొట్రుపడలేదు. "నేను వడ్రంగిని గదా, కొయ్యకు పూయు రంగు ఇది" అన్నాడు.

ఈ జవాబు వినుటకు ఎంత సహజముగా ఉన్నదో చూడుడు. చెప్పులు కుట్టువాని చేతికి నలుపు, అద్దకమువాని చేతికి నీలి, వడ్రంగి బట్టకు కొయ్యరంగు ఉండక తప్పునా? నిజమైన వడ్రంగి, నిర్దోషి, సరిగా ఇదే మాట చెప్పియుండును. అబద్ధమునకు బలము వచ్చునది ఇట్లే. అది నిజము పోలికను ఎరువు తెచ్చుకొనును.

కాని విచారణ చేయు న్యాయాధికారికి ఈ మాట లోగడ ఎచ్చటనో విన్నట్లు తోచినది. 1898లో దేశములో మరియొక వైపున ఓస్నాబ్రుక్ దగ్గర లెష్టింగెన్ గ్రామములో ఇద్దరు చిన్నబాలికలు ఇట్లే అడవిలో హతులైరి. అప్పుడు అనుమానించి పట్టుకొన్న మనిషియు వడ్రంగియే; అతని బట్టలమీదను మరకలుండెను; అతడును కొయ్యరంగు అనియే చెప్పినాడు. కాదని నిరూపించు సాధనము లేనందున అతనిని విడిచిపెట్టిరి. అతని పేరు విచారింపగా — లుడ్విగ్ టెస్నో.

ఇంకొక సంగతియు బయటపడినది. బాలుర హత్యకు మూడు వారములకు ముందు అదే దీవిలో ఒక రైతు గొఱ్ఱెలను ఎవరో పొలములో చీల్చి చంపి పారవేసిరి. పారిపోవుచున్న మనిషిని ఆ రైతు చూచియుండెను. టెస్నోను చూపగా ఇతడే యన్నాడు. ఇంత జరిగినను ఇది అంతయు అనుమానమే. గొఱ్ఱెలను చంపినవాడు పిల్లలను చంపవలెనని లేదు. ఒకే మాట రెండుసార్లు చెప్పుట నేరము కాదు. ప్రభుత్వపక్షమువారు గ్రైఫ్స్‌వాల్డ్ వైద్యుని వ్యాసమును గూర్చి తెలిసికొని, బట్టలను, హత్యాస్థలమున దొరికిన ఒక రాతిని ఆయనకు పంపిరి.

ఊలెన్‌హూట్ మరకలను ఒక్కొక్కటిగా, నూరింటి వరకు, ఉప్పునీటిలో కరిగించి పరీక్షించినాడు. కొన్ని మరకలు నిజముగా కొయ్యరంగే. టెస్నో పూర్తిగా అబద్ధమాడలేదు! కాని కొన్ని చోట్ల మనుష్యరక్తము ఉన్నది. మరికొన్ని చోట్ల గొఱ్ఱెరక్తము ఉన్నది. ఒకే బట్టమీద మూడు కథలు ప్రక్కప్రక్కనే వ్రాయబడియుండెను. చదువగలిగినవాడు అంతవరకు లేకపోయినాడు. విచారణలో టెస్నోకు మరణశిక్ష విధింపబడినది.

ఈ వృత్తాంతమును చదివినవారు సాధారణముగా శాస్త్రవిజయమని మెచ్చుకొందురు. నాకు మాత్రము 1898వ సంవత్సరమే మనస్సులో మెదలుచుండును. ఆనాటి న్యాయాధికారి తప్పు చేసినాడని చెప్పగలమా? రుజువు లేకుండ మనిషిని శిక్షింపరాదను ధర్మమును పాటించినాడు. పాటించి విడిచిపెట్టినందున మూడేండ్ల తరువాత ఇద్దరు బాలురు చనిపోయిరి. పాటింపక శిక్షించియుండినచో, కొయ్యరంగు మరకలు గల నిర్దోషులైన వడ్రంగులకు రక్షణ ఏది? ధర్మము రెండు వైపులను కోయు కత్తియై నిలిచిన ఆ చోట, కుందేటి నెత్తుటి చుక్క ఒకటి దారి చూపినది.

ఈ పరీక్షకును హద్దులున్నవి. కేంబ్రిడ్జిలో నట్టల్ అను శాస్త్రజ్ఞుడు 16,000 పరీక్షలు చేసి 1904లో ఒక గ్రంథము ప్రకటించినాడు. దగ్గర చుట్టరికము గల జంతువుల రక్తములు ఒకదాని తేటకు మరియొకటి పలుకునని అందులో తేలినది. మనుష్యునికి పలుకు తేట కోతికిని కొంతవరకు పలుకును; గొఱ్ఱెకు పలుకునది మేకకును పలుకును. జీవశాస్త్రము బోధించువారికి ఇది అమూల్యమైన సంగతి. ఎముకలను చూచి ఊహించిన జీవుల బంధుత్వము నెత్తురులోను వ్రాసియున్నదన్నమాట. కాని గొఱ్ఱె, మేక కలిసి మేయు మన పల్లెలలో న్యాయాధికారికి ఇది తలనొప్పి. అందువలననే పరీక్షకుడు తెలియని మరకతోపాటు తెలిసిన మరకలను, మరకలేని బట్టముక్కను కూడ ప్రక్కన పెట్టి పరీక్షింపవలెను. బట్టముక్కయే మబ్బు క్రమ్మించినచో ఆ పరీక్ష చెల్లదు.

ఇక మూడవ ప్రశ్న: ఎవరి రక్తము? దీనికి తొలి మెట్టు వియన్నాలో వేయబడినది. 1901లోనే కార్ల్ లాండ్‌స్టైనర్ మనుష్యుల రక్తము అందరికి ఒకటి కాదని, కొన్ని వర్గములుగా ఉన్నదని ప్రకటించినాడు. ఆయనకు నోబెల్ బహుమానము 1930లో వచ్చినది. ద్రవముగా ఉన్న రక్తముమాట సరే. ఎండిన మరకలో వర్గము తెలియునా? ఇటలీలోని ట్యూరిన్ నగరమున లియోనే లాట్టెస్ అను ఆచార్యుడు 1915లో అది సాధ్యమని చూపినాడు. ఆయన కడకు వచ్చిన తొలి వ్యవహారము హత్య కాదు, ఒక కాపురము. ఒక గృహస్థు చొక్కామీద నెత్తుటి మరకలు కనబడినవి. అవి ఎట్లు వచ్చినవో అతడు చెప్పలేకపోయినాడు. భార్య అనుమానించినది; ఇల్లు నరకమైనది. లాట్టెస్ మరకలను కరిగించి వర్గము కనుగొని, ఇతర సంగతులతో కలిపి చూచి, అది అతని రక్తమే, అతని రోగమువలన వచ్చినదేయని తేల్చినాడు. న్యాయస్థానము గడప త్రొక్కకుండగనే ఒక దంపతుల తగవు తీరినది. శాస్త్రము ఇంతకంటె మంచి పని చేసిన సందర్భములు అరుదు.

రక్తవర్గము కాదనుటకు గట్టిది, ఔననుటకు బలహీనమైనది. ఈ భేదమును విద్యార్థులు తెలిసికొనవలెను. మృతునిది బి వర్గమై, ముద్దాయి బట్టమీది మరక ఎ వర్గమైనచో అది మృతుని నెత్తురు కానే కాదు. రెండును బి అయినచో? మొదటి ప్రపంచయుద్ధ కాలమున మాసిడోనియా రణరంగములో హిర్ష్‌ఫెల్ట్ దంపతులు పలుజాతుల సైనికుల రక్తమును పరీక్షించి 1919లో ఫలితములు ప్రకటించిరి. భారతీయ సైనికులలో బి వర్గము మిక్కిలి ఎక్కువగా కనబడినది. మన దేశమున ఇంచుమించు మూడవ వంతు మందిది అదే వర్గము. మూడువేల జనము గల ఊరిలో ఆ మరక వేయిమందిని వ్రేలెత్తి చూపును. వేయిమందిని చూపు సాక్షి సాక్షియేనా?

మన దేశమే ఇంకొక చిక్కును లోకమునకు చూపినది. 1952లో బొంబాయిలో డాక్టరు భెండేయు, ఆయన సహచరులును ఒక విచిత్ర రక్తమును కనుగొనిరి. ఎ, బి తేటలకు పలుకదు గనుక తొందరపాటువాడు దానిని ఓ వర్గములో చేర్చును. కాని అది ఓ కూడ కాదు. ఓ రక్తమునే అది గడ్డకట్టించును. "బొంబాయి వర్గము" అని లోకమంతటను ఇప్పుడు పిలుచుచున్నారు. అరుదైనదే. కాని అరుదైనవాని మెడయు మెడయే గదా.

నెత్తురు ఒక్కటే సాక్షి కాదు. ఉమ్మి, చెమట, కన్నీరు, శుక్రము కూడ మనిషిని పట్టి ఇచ్చును. నూటికి ఎనుబదిమంది తమ రక్తవర్గ లక్షణమును లాలాజలము మొదలగు ద్రవములలోనికి కూడ విడుతురని 1932లో షిఫ్, ససాకి అను పరిశోధకులు వ్యవస్థగా నిరూపించిరి. త్రాగిపారవేసిన చుట్టముక్క, నాలుకతో తడిపి అంటించిన కవరు అంచు, అప్పటినుండి మాటలాడుట నేర్చినవి. లాలాజలమును గుర్తించు పరీక్ష యొకటి మన పాఠశాలలోనే చేయవచ్చును. ఉపాధ్యాయులు రెండు గాజుగొట్టములలో పలుచని గంజి పోసి, ఒకదానిలో కొంచెము లాలాజలము కలిపి, అరచేతి వెచ్చదనమున పది, పదునైదు నిమిషములుంచి, రెండింటను ఒక్కొక్క చుక్క అయోడిన్ వేయించుడు. లాలాజలము కలియని గొట్టములో చిక్కని నీలము. కలిసినదానిలో ఆ నీలము తేలిపోవును, లేదా కనబడనే కనబడదు. లాలాజలములోని అమైలేస్ అను కిణ్వము గంజిని చక్కెరగా మార్చుటయే కారణము. న్యాయప్రయోగశాలలో జరుగునదియు చాలవరకు ఇదియే. అక్కడ ఫలితము వెనుక ఒక మనిషి జీవితము ఉండును, అంతే తేడా.

ఆ తేడాకు రష్యాలో చెల్లించిన మూల్యము చాల పెద్దది. రస్తోవ్ ప్రాంతములో వరుసహత్యలు జరుగుచుండగా 1984లో చికటీలో అను మనిషిని పట్టుకొనిరి. శవములకడ దొరికిన శరీరద్రవము ఎబి వర్గమని నివేదిక. అతని రక్తము ఎ వర్గము. కాదనుటకు పరీక్ష గట్టిదని ఇంతకుముందే చెప్పుకొంటిమి గదా. అందువలన హత్యానేరమునుండి అతడు బయటపడినాడు. పరీక్షలో పొరపాటా, లేక మరేదైన కారణమా యని తరువాత వాదములు జరిగినవి. 1990లో మరల పట్టుబడునంతవరకు అతడు చంపుచునే యుండెను. 1992లో 52 హత్యలకు దోషియని తీర్పు వచ్చినది. వాటికంటె ముందు, అతడే చేసిన 1978 నాటి తొలి హత్యకు మరియొకనిని ఉరితీతకు సమానమైన శిక్షతో అప్పటికే కడతేర్చియుండిరి. గట్టిదన్న పరీక్షయు గట్టి చేతులలో ఉన్నప్పుడే గట్టిది.

ఈ చీకటికి దీపము ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయమున 1984 సెప్టెంబరు 10వ తేదీ ఉదయమున వెలిగినది. ఎలెక్ జెఫ్రీస్ అను ఆచార్యుడు ఒక ఎక్స్‌రే ఫిల్మును నీళ్ళనుండి తీసి చూచుచుండగా, జీవకణములలోని డి.ఎన్.ఎ. పట్టెలు మనిషి మనిషికి వేరువేరుగా ఏర్పడియున్నవని కనబడినది. కవలలలో ఒకే పిండమునుండి పుట్టినవారికి తప్ప ఏ ఇద్దరికిని ఆ పట్టెలు ఒకటి కావు. మరుసటి యేడు దాని తొలి ఉపయోగము ఒక ఘనాదేశపు బాలుని తల్లికడకు చేర్చుట. హత్యావిచారణకు దానిని పిలిచినది అటుపిమ్మట.

లెస్టర్ సమీపమున రెండు పల్లెలలో 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇద్దరు పదునైదేండ్ల బాలికలు హతులైరి. పదునేడేండ్ల పనికుర్రవాడొకడు రెండవ హత్య తానే చేసితినని ఒప్పుకొన్నాడు. పోలీసులు మొదటిదియు వాని పనియేయని నమ్మి, అది నిరూపింపుడని జెఫ్రీస్‌ను కోరిరి. ఫలితము చూచి ఆయనయే విస్తుపోయినాడట. రెండు హత్యలును చేసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఈ కుర్రవాడు కాడు. ఒప్పుకొన్న నేరమునుండి ఒకని శాస్త్రము విడిపించుట అదియే మొదలు. మనిషి భయముచేతనో, అమాయకత్వముచేతనో చేయని పనిని చేసితినని చెప్పగలడు. దేహము అట్లు చెప్పజాలదు. 1987లో చుట్టుపట్ల గ్రామముల పురుషులు రమారమి అయిదువేలమంది నెత్తురు, ఉమ్మి ఇచ్చిరి. ఎవరును సరిపోలేదు! కాలిన్ పిచ్‌ఫోర్క్ అను రొట్టెల పనివాడు తనకు బదులు తోటి పనివానిని పంపియుండెను. సారాదుకాణములో ఆ తోటివాడు నోరు జారగా విన్నవారు చెప్పిరి. అంత గొప్ప శాస్త్రమునకును తుదకు చెవియొగ్గి విన్న మనిషి సాయము కావలసివచ్చినది. 1988 జనవరిలో అతనికి యావజ్జీవశిక్ష పడినది.

మన హైదరాబాదు నగరమునకు ఈ చరిత్రలో గౌరవస్థానము కలదు. అచ్చటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో డాక్టరు లాల్జీసింగ్ 1988 నాటికి స్వదేశీయమైన పద్ధతిని రూపొందించినాడు. ఆయన మొదట పనిచేసినది హంతకులమీద కాదు, పాములమీద. పాములలో ఆడ, మగ భేదమును నిర్ణయించు క్రోమోజోములను పరిశీలించుచు, పట్టెల కట్లపాము డి.ఎన్.ఎ.లో ఒక వరుసను కనుగొన్నాడు. ఆ పాము వరుసయే మనుష్యుల గుర్తులను పట్టు గాలమైనది. 1989లో కేరళములోని తలశ్శేరి న్యాయస్థానమున ఒక బిడ్డ తండ్రి యెవరో తేల్చుటకు ఇది సాక్ష్యముగా నిలిచినది. మన దేశమున ఇదియే మొదటిది. 1991లో రాజీవ్‌గాంధీ హంతకుల దేహశేషములను గుర్తించుటకును ఈ కేంద్రము తోడ్పడినది. ఆవుల మందను కాచుకొను పల్లెవానికి పాము అపకారి. శాస్త్రము దృష్టిలో అపకారులు తక్కువ.

డి.ఎన్.ఎ. వచ్చిన పిదప పాతపరీక్షలు మూలబడినవని కొందరందురు. అది సరి కాదు. డి.ఎన్.ఎ. "ఎవరిది" అని చెప్పును. "ఏ ద్రవము" అని దానంతట అది చెప్పదు. "ఎట్లు వచ్చినది" అని అసలే చెప్పదు. చుట్టపుచూపుగా వచ్చి కుర్చీచేతిమీద వదలిన చెమట ఒకటి, గోడమీద చిమ్మిన నెత్తురు ఒకటి. జర్మనీలో 2009 వరకు ఒక విచిత్ర స్త్రీకై పోలీసులు గాలించిరి. హత్యలు, దొంగతనములు, నలుబదికి పైగా నేరస్థలములలో ఆమె డి.ఎన్.ఎ. దొరికినది. తీరా చూడగా, మరకలను అద్దుటకు వాడు దూదిపుల్లలను కట్టలు కట్టిన కర్మాగారములోని పనిమనిషి ఆమె. ఆ పుల్లలు క్రిమిరహితములే కాని డి.ఎన్.ఎ. రహితములు కావు. లేని నేరస్థురాలిని దూది సృష్టించినది.

కావున ఈ విద్యలో సగము ప్రయోగశాలకు వెలుపలనే ఉన్నది. నెత్తుటి మరకను వేడినీట పెట్టరాదని మన పెద్దవారికి తెలియును. వేడికి అందలి మాంసకృత్తు గడ్డకట్టి నూలుపోగులను పట్టుకొనును. ఇట్లు ఉతికి దాచిన మరకను సైతము లూమినాల్ అను ద్రవ్యము చీకటిలో నీలికాంతితో వెలిగించును. జర్మనీలో స్పెక్ట్ అను ఆయన 1937లో దీనిని నేరపరిశోధనకు ఉపయోగింపవచ్చునని చూపినాడు. కాని ఉతుకనిదానిని పాడుచేయుటకు ఉతుకనవసరము లేదు. తడిబట్టను మడిచి ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతికట్టి పెట్టిన చాలును. బూజు, సూక్ష్మక్రిములు మిగిలినపని చేసి పెట్టును. అట్టి మూటలు చేరినప్పుడే "రక్తము శిథిలమైనది, మూలము నిర్ణయింప వీలులేదు" అను నివేదికలు న్యాయస్థానములకు వచ్చును. ఆ ఒక్క వాక్యముమీద రెండు పక్షముల వకీళ్ళును గంటలకొలది వాదింతురు.

మన దేశమున రసాయన పరీక్షకుని కార్యాలయము మద్రాసులో 1849లోనే నెలకొన్నది. రక్తద్రవ పరీక్షలకు కలకత్తాలో 1910లో ప్రత్యేకశాఖ వెలసినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేండ్లు గాని అంతకుమించి గాని శిక్షపడదగిన నేరములలో న్యాయవిజ్ఞాన నిపుణుడు స్థలమునకు పోయి సాక్ష్యము సేకరింపవలెనని విధించినది. దీనిని అమలు జరుపుటకు రాష్ట్రములకు అయిదేండ్ల గడువున్నది. ఆ గడువులోగా ఏ మారుమూల ఠాణాలోనైనను మొదట కావలసినవి ఖరీదైన యంత్రములు కావు. మరక పడిన బట్టను ఎండకు, వేడికి పెట్టక నీడను గాలికి ఆరవేయవలెను. ఒకని బట్ట మరియొకని బట్టకు తగులకుండ విడివిడిగా కాగితములో చుట్టవలెను. మరకలేని చోటునుండియు ఒక ముక్క తీసియుంచవలెను. పైన తేదీ, గంట, చోటు, తీసినవాని పేరు వ్రాసి లక్కముద్ర వేయవలెను. ఆ మూట చేతులు మారినప్పుడెల్ల ఎవరినుండి ఎవరికి పోయినదో కాగితముమీద ఎక్కవలెను.